అడగకుండా తీసిన ఫోటో

చిట్టికి ఆ కెమెరా ఒకరు వద్దనుకుంటే వచ్చింది. ఆడపడుచు మోజుపడి కొనుక్కుంది. నాలుగు ఊళ్ళు తిరిగొచ్చాక మూతి ముడుచుకుని, తెచ్చి వంటింటి బల్ల మీద పడేసింది.

"దీనికి జూమ్ లేదు వదినా. దూరంగా ఉన్నది దగ్గరికి రాదు. ఎటు తిప్పినా ఒకటే చూపు. దీనికన్నా నా ఫోను నయం. ఉంచుకుంటే ఉంచుకో, లేకపోతే పిల్లకి ఆడుకోవడానికిచ్చెయ్."

పిల్ల అప్పటికే ఆటబొమ్మల వయసు దాటిపోయింది. అందుకని అది చిట్టి దగ్గరే ఉండిపోయింది.

చిట్టి అన్నది ఆమె అసలు పేరు కాదు. ఓ పెద్ద హోటల్ లాండ్రీలో, ఇస్త్రీ వైపు పని ఆమెది. చేరిన కొత్తలో పై అరలో దుప్పట్లు సర్దడానికి చెయ్యందక ఎగిరెగిరి అందుకుంటుంటే, అక్కడ అందరికన్నా పెద్దదైన పెద్దక్క ఆ పేరు పెట్టింది. అదే ఖాయమైపోయింది. ఇప్పుడు ఎవరైనా అసలు పేరు పెట్టి పిలిస్తే చిట్టి కూడా పక్కవాళ్ళనేమో అనుకుంటుంది.

కెమెరా అరచేతిలో ఇమిడిపోయేంత ఉంది. నల్లగా, మొద్దుగా, ముందు ఓ చిన్న కన్ను. ఆ కన్ను బయటికి సాగదు, లోపలికి పోదు. ఎదుటి మనిషి పెద్దగా కనబడాలంటే మనమే నాలుగడుగులు ముందుకెయ్యాలి. గది మొత్తం పట్టాలంటే గోడకి వీపానించాలి, అదీ చాలకపోతే గుమ్మం దాటి బయటికెళ్ళాలి. మొదట్లో చిట్టికి ఏడుపొక్కటే తక్కువ. బళ్ళో కూతురు నాటకంలో రాణి వేషం వేస్తే, వెనక వరసలో కూర్చుని తెగ నొక్కింది. ఇంటికొచ్చి చూసుకుంటే ప్రతి ఫోటోలోనూ ముందాయన బట్టతల నిండు చంద్రుడిలా వెలిగిపోతోంది. దాని అంచున చీమంత రాణి.

"నేనేదమ్మా?" అంది కూతురు.

"అదిగో, ఆయన చెవి పక్కన."

మొగుడు పొట్ట పట్టుకుని నవ్వాడు. అతను బస్సుల గ్యారేజీలో మెకానిక్కు. దానికి అగ్గిపెట్టె అని పేరు పెట్టింది అతనే. "అగ్గిపెట్టెతో నాటకాలేం తీస్తావే, పొయ్యి వెలిగించుకో," అన్నాడు.

అది పెట్టే బాధలు అంతటితో అయిపోలేదు. బ్యాటరీ నిండుగా ఉందని చూపిస్తూనే టక్కున చచ్చిపోయేది. ఎండలోకెళితే వెనక తెర మీద తన మొహం తప్ప ఇంకేమీ కనిపించేది కాదు. లాండ్రీ ఆవిరికి కన్ను మసకబారిపోయేది, ఏప్రాను కొసతో తుడిస్తే ఇంకా పాడయ్యేది. అన్నిటికన్నా చిత్రం, తెల్లటి దుప్పటి ఎదురైతే దానికి పిచ్చెక్కేది. ఎక్కడ చూపు నిలపాలో తెలియక గిర్రుమంటూ ముందుకీ వెనక్కీ వెతుక్కుని, ఏదీ తేల్చుకోలేక ఊరుకునేది. దానికి పట్టుకోవడానికి ఓ గీతో, కుట్టో, వెంట్రుకో కావాలి. చిట్టి ఓపిగ్గా నేర్చుకుంది. దుప్పటి అంచు కుట్టు మీద దాని చూపు నిలబెట్టి, బొత్తాం సగం నొక్కి పట్టుకుని, తనకి కావలసిన వైపు తిప్పేది.

తిట్టుకుంటూ తిట్టుకుంటూనే దాని మీద ప్రాణం పెట్టేసుకుంది. ఒకటే చూపున్న దానితో తిరగ్గా తిరగ్గా తన కళ్ళకీ ఆ చూపే అలవాటైంది. కెమెరా జేబులోంచి తియ్యకముందే ఏది పడుతుందో, ఏది అంచు దాటిపోతుందో తెలిసిపోయేది. కాళ్ళు వాటంతటవే ఓ అడుగు ముందుకో వెనక్కో పడేవి. నొక్కితే చప్పుడు లేదు, వేలికి మాత్రమే తెలిసే చిన్న కదలిక. మనుషులు మొదట ఓసారి చూసి, ఇంత చిన్నదానితో ఏం తీస్తుందిలే అనుకుని తమ పనిలో పడిపోయేవాళ్ళు. అప్పుడు వాళ్ళ మొహాల్లోకి ఏదో వచ్చేది. ఎవరూ చూడటం లేదనుకున్నప్పుడు మాత్రమే వచ్చేది. చిట్టికి కావలసింది అదే. అది దొరికిన రోజు ఇంటికి తేలిపోతూ వచ్చేది.

లాండ్రీ హోటల్ కింద, నేలమాళిగలో ఉంటుంది. ఒక సగం తడి వైపు: ఉతికే మిషన్లు, నీళ్ళు కారే నేల, నానిన దుప్పట్లతో నిండిన తోపుడు తొట్లు. ఇంకో సగం ఇస్త్రీ వైపు: మంచమంత వెడల్పు వేడి రోలర్, ఇటు ఇద్దరు దుప్పటి అందిస్తే అటు ఇద్దరు పట్టుకుని మడతేస్తారు. పైన, వీధి మట్టానికి ఓ పొడవాటి కిటికీ. అందులోంచి దారిన పోయేవాళ్ళ చెప్పులు కనిపిస్తుంటాయి.

ఇస్త్రీ వైపు వాళ్ళకి ఒక ఒప్పందం ఉండేది. ఎవరూ నోటితో అనుకున్నది కాదు. మధ్యాహ్నం తిన్నాక రోలర్ వేడికి కళ్ళు మూతలు పడుతుంటాయి కదా, వంతులవారీగా ఒక్కొక్కరు అరల వెనక, మడతకి రావలసిన దుప్పట్ల గుట్ట మీద కాసేపు నడుం వాల్చేవాళ్ళు. మిగిలినవాళ్ళు ఆ మనిషి పని కూడా అందుకునేవాళ్ళు. దాన్ని మొదలుపెట్టింది పెద్దక్కే. కూతురు పుట్టిన కొత్తలో చిట్టి నిలబడే తూలుతుంటే, "పోవే పిల్లా, నా వంతు కూడా నువ్వే పడుకో," అని నెలల తరబడి తన నిద్ర ఆమెకిచ్చేసింది.

ఫోటో తీసిన రోజు వంతు పెద్దక్కది.

చిట్టి అరల వెనక్కి కొత్త దుప్పటి తేవడానికెళ్ళింది. కిటికీలోంచి ఎండ ఏటవాలుగా దిగి గుట్ట మీద పడుతోంది. పెద్దక్క వెల్లకిలా పడుకుని ఉంది. ఒక చెయ్యి తల కింద, ఇంకో చెయ్యి దుప్పటి మడతలో. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. అందరినీ అదిలించే ఆ మొహంలో గీతలన్నీ వదులైపోయి, ఎప్పుడో చిన్నప్పటి మొహం పైకి తేలినట్టుంది. చుట్టూ తెలుపు, తెలుపులో నీలం నీడలు.

చిట్టి జేబులోంచి కెమెరా తీసింది. ఉన్నచోటి నుంచి తీస్తే పెద్దక్క బట్టల మూటలా చిన్నగా పడుతుంది. చెప్పులు విడిచి దగ్గరికెళ్ళింది. ఇంకా దగ్గరికి. ఊపిరి వినిపించేంత దగ్గరికి. కెమెరా తెలుపులో చూపు నిలపలేక ముందుకీ వెనక్కీ కొట్టుకుంటోంది. పెద్దక్క చెవి పక్కన జుట్టుకి పెట్టుకున్న పిన్ను కనిపించింది. దాని మీద చూపు నిలిపింది. లేపి అడగాలన్న ఊహ రాకపోలేదు. వచ్చింది. లేపితే ఆ మొహం పోతుందని తెలిసి, ఆ ఊహని పక్కకి నెట్టి నొక్కింది.

ఆ సాయంత్రం కూతురు ఫోటోలు కంప్యూటర్లోకి ఎక్కిస్తూ ఆగిపోయింది. "అమ్మా, ఇది నువ్వు తీశావా?" అంది. మొగుడు కూడా ఈసారి నవ్వలేదు. తెర ముందు నిలబడి చాలాసేపు చూసి, "పెద్దక్క ఇలా ఉంటుందా?" అన్నాడు. చిట్టికి పట్టరానంత గర్వం వచ్చింది. పెద్దక్కకి మాత్రం చూపించలేదు. చూపిద్దాంలే, మంచి కాగితం మీద వేయించి ఇద్దాంలే అనుకుంటూ రోజులు జరిపింది. అసలు సంగతి, తిడుతుందని భయం.

ఇంతలో హోటల్ వాళ్ళు కొత్త క్యాలెండరు వేస్తున్నారనీ, పనివాళ్ళు తీసిన ఫోటోలుంటే ఇవ్వమనీ కబురొచ్చింది. చిట్టి కొన్ని కాగితం మీద వేయించింది. మెట్ల మీద చెప్పులు, ఆవిరిలో చేతులు, రోలర్ మీంచి జారుతున్న దుప్పటి. ఆఖర్న ఇది కూడా పెట్టింది. పెట్టాలా వద్దా అని ఓ క్షణం ఆగింది. అన్నిటిలోకీ మంచిదాన్ని వదిలెయ్యడానికి చెయ్యి రాలేదు.

మేనేజరు చిన్న వయసావిడ. మెత్తగా మాట్లాడుతుంది, అందర్నీ మీరనే అంటుంది. ఫోటోలన్నీ బల్ల మీద పరిచి, దీని దగ్గర ఆగింది.

"ఎంత బాగుందండీ! ఈ వెలుతురు ఎలా తెప్పించారు?"

చిట్టి ఉబ్బితబ్బిబ్బైపోయింది. జన్మలో ఎవరూ ఆమెని అలాంటి ప్రశ్న అడగలేదు. "తెప్పించలేదు మేడమ్, అదే వస్తుంది. మధ్యాహ్నం తిన్నాక కాసేపే ఉంటుంది ఆ ఎండ. మా అరల వెనక పడుతుంది. ఆ టైములో రోజూ ఎవరో ఒకరం అక్కడ..."

అక్కడ ఆగింది. నోట్లోంచి వచ్చిన మాటని ఎలా వెనక్కి లాక్కోవాలో తెలియలేదు. మేనేజరు నవ్వు చెదరలేదు. "రోజూనా?" అంది మెత్తగానే.

"రోజూ అంటే... అప్పుడప్పుడు."

"సరేనండీ. చాలా బాగా తీశారు."

చిట్టి ఫోటోలు అక్కడే వదిలి మెట్లు దిగింది. ఏమీ కాదులే, ఆవిడ మంచిది, ఫోటో గురించే అడిగింది అని తనకి తనే చెప్పుకుంది. కిందికెళ్ళి ఎవరికీ ఏమీ చెప్పలేదు. అప్పుడే చెప్పి ఉంటే కనీసం వాళ్ళు జాగ్రత్తపడేవాళ్ళు.

వారం తిరక్కుండానే అరలు గోడకి జరిపించేశారు. బయటి నుంచి లోపల కనిపించేలా తలుపుకి అద్దం బిగించారు. వేడి మిషన్ల దగ్గర నిద్రపోవడం ప్రమాదమని అందరినీ నిలబెట్టి మర్యాదగా చెప్పారు. పెద్దక్కని పైకి పిలిచారు. తిరిగొచ్చి ఏప్రాను విప్పి, రబ్బరు బూట్లు తీసుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా తడి వైపు వెళ్ళిపోయింది. ఆ వయసులో నానిన దుప్పట్లు లాగే పని.

"ఎవరు చెప్పుంటారే?" అని ఇస్త్రీ గదిలో అందరూ తలలు బద్దలు కొట్టుకున్నారు. చిట్టి తల వంచుకుని దుప్పటి మడతేస్తూ ఆ రోజంతా గడిపేసింది. మర్నాడూ అంతే. మూడోనాడు ఎదురుగా దుప్పటి పట్టుకున్నావిడ, "పాపం, పెద్దక్క చేతులు చూశావా? మణికట్లు బూరెల్లా వాచిపోయాయి," అనేసరికి, దుప్పటి కొస వదిలేసింది.

"నేనే," అంది. "నేను ఫోటో తీశాను. నేనే ఇచ్చాను. ఎప్పుడు పడుకుంటామో కూడా నేనే చెప్పాను."

రోలర్ తిరుగుతూనే ఉంది. ఎదుటావిడ వంగి, జారిన కొస తనే అందుకుంది. నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది.

చిట్టి మేనేజరు దగ్గరికెళ్ళింది. "మేడమ్, మేమందరం పడుకునేవాళ్ళం. నేనైతే ఆవిడకన్నా ఎక్కువ పడుకున్నాను. ఆవిడొక్కర్తినే తడి వైపు పంపడం న్యాయం కాదు," అంది. మేనేజరు చెప్పిందంతా విని, "మీ బాధ నాకర్థమైందండీ. కానీ నాకు కనిపించింది ఆవిడొక్కరే కదా," అంది. ఆవిడకి కనిపించేలా చేసిందెవరు మరి? ఆఖరికి, "అయితే నన్ను కూడా అటే పంపెయ్యండి," అంది. అది మాత్రం వెంటనే ఒప్పుకున్నారు. తడి వైపు మనుషులు ఎప్పుడూ తక్కువే. వెళ్తూ వెళ్తూ ఆ ఫోటో అడిగి తీసుకుంది.

రబ్బరు బూట్లతో చిట్టి కనబడగానే పెద్దక్క మొహం తిప్పుకుంది.

"ఇక్కడికెందుకొచ్చావ్?"

"నీకు సాయంగా ఉందామని."

"నాకెందుకే సాయం? నీ మనసు కుదుటపడటానికొచ్చావ్. అవతల తొట్టి చూసుకో ఫో."

అందులో అబద్ధమేముంది? చిట్టి అవతల తొట్టి దగ్గరికి పోయింది. కొన్నాళ్ళపాటు ఇద్దరి మధ్యా "తొయ్యి", "లాగు", "ఆపు" తప్ప మాటల్లేవు. బరువు తొట్లు పెద్దక్క వైపు రాకుండా చిట్టి ముందే లాక్కునేది. పెద్దక్క చూసీ చూడనట్టుండేది.

ఒక మధ్యాహ్నం ఇద్దరూ తలకిందులు చేసిన తొట్టి మీద కూర్చుని డబ్బాలు విప్పుకుంటుంటే, పెద్దక్కే అంది: "అందరూ చూశారటగా ఆ ఫోటో. మేనేజరు చూసింది, మీ ఆయన చూశాడు, మీ పిల్ల చూసింది. నేనే చూడలేదు."

చిట్టి సంచిలోంచి తీసి ఇచ్చింది. ఎప్పుడడుగుతుందోనని రోజూ తెస్తూనే ఉంది. పెద్దక్క చేతులు తుడుచుకుని పట్టుకుంది. వెలుతురు వైపు తిప్పి చూసింది.

"నోరు తెరుచుకుని పడుకుంటానా నేను?"

"కొంచెమే."

"ఇన్నేళ్ళు మా ఆయన ఈ మొహమే చూశాడన్నమాట." నవ్వుతుందేమో అనుకుంది చిట్టి. నవ్వలేదు. "నన్ను ఒక్క మాట అడిగుండాల్సింది."

"అడిగితే వద్దనేదానివి పెద్దక్కా."

"అవును, వద్దనేదాన్నే. అందుకే కదా అడగాలి?"

ఫోటోని రెండు ముక్కలు చేసి, నాలుగు చేసి, పక్కన మురుగు నీళ్ళ బకెట్లో వేసింది. "కెమెరాలో ఉందా?" అంది. ఉందని చిట్టి కెమెరా తీసి, ఆమె కళ్ళ ముందే తుడిచేసింది. "ఇంకెక్కడా లేదుగా?"

"లేదు," అంది చిట్టి.

ఆ మాట ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. ఇంట్లో కంప్యూటర్లో ఉన్న సంగతి గుర్తులేక కాదు. గుర్తుంది. గుర్తుండే అంది. పెద్దక్క ఆ ఒక్క మాటకి మెత్తబడింది. తన డబ్బాలోంచి ఇంత తీసి చిట్టి డబ్బాలో పెట్టి, "తిను. చిక్కిపోయావ్," అంది. చిట్టి అది తినకుండానే డబ్బా మూత పెట్టేసింది.

ఆ తర్వాత ఇద్దరూ మళ్ళీ కబుర్లాడుకునేవాళ్ళు. పెద్దక్క మళ్ళీ "పిల్లా" అనడం మొదలుపెట్టింది. అలా పిలిచినప్పుడల్లా చిట్టికి లోపల ముల్లు గుచ్చుకునేది. ఇంటికెళ్ళి తుడిచేద్దామని కంప్యూటరు ముందు కూర్చునేది. ఫోటో తెరిచేది. ఆ ఎండ, ఆ మడతలు, ఆ పిన్ను, ఆ మొహం. నిజానికి అంత మంచి ఫోటో తను మళ్ళీ తియ్యలేదు. తియ్యగలనన్న నమ్మకం కూడా పోయింది. ఇస్త్రీ వైపుకెళ్ళి కెమెరా తీస్తే చాలు, అందరూ నడుం నిటారుగా పెట్టి, జుట్టు సవరించుకుని, పళ్ళు కనబడేలా నవ్వి నిలబడుతున్నారు. ఎవరికీ కోపం లేదు. కెమెరా ఉందన్న సంగతి మాత్రం ఇక ఎవరూ మరిచిపోవడం లేదు. వీధిలో ముక్కూమొహం తెలియని వాళ్ళని తియ్యబోయినా, ఇంకో అడుగు ముందుకి వెయ్యడానికి కాళ్ళు రావడం లేదు. ఆ అడుగు వెయ్యకపోతే ఆ కెమెరాతో ఏదీ దొరకదు.

"తుడిచేస్తే తుడిచెయ్, ఉంచుకుంటే ఉంచుకో. రోజూ ఈ ఏడుపేంటి?" అని మొగుడు విసుక్కున్నాడు.

పెద్దక్క మణికట్లు చివరికి మొరాయించాయి. లాండ్రీ మానేసింది. వాళ్ళ వీధి చివర బట్టల కొట్లో కూర్చుని చేసే పని ఏదో చూసుకుంది. నెల్లాళ్ళ తర్వాత ఓ సెలవు రోజు చిట్టి వెళ్ళింది. పెద్దక్క ఇరుకు బాల్కనీలో ఆరేసిన బట్టలు తీస్తోంది. చిట్టి రెండో కొస పట్టుకుంది. అలవాటుకొద్దీ ఇద్దరూ మాట్లాడుకోకుండానే కొసలు కలిపి దుప్పటి మడతేశారు.

"పెద్దక్కా, ఆ రోజు నీకు అబద్ధం చెప్పాను. ఆ ఫోటో ఇంట్లో కంప్యూటర్లో ఉంది."

పెద్దక్క మడత ఛాతీకి ఆనించుకుని నిలబడిపోయింది. కోపం వస్తుందనుకుంది చిట్టి. కోపం కన్నా అలసట ఎక్కువ కనిపించింది.

"ఇప్పుడెందుకు చెప్తున్నావ్?"

"అడుగుదామని. ఎవరికీ చూపించను. ఎక్కడికీ ఇవ్వను. ఉంచుకోనా?"

పెద్దక్క బట్టల క్లిప్పులు ఒక్కొక్కటే తీసి డబ్బాలో వేస్తూ ఆలోచించింది. చిట్టి ఆ మొహంలోకే చూస్తూ నిలబడింది. సరే అంటుందని ఆశ ఉంది. దారి పొడుగునా ఆ ఆశతోనే వచ్చింది.

"వద్దు పిల్లా," అంది పెద్దక్క. "నువ్వు బాగానే తీశావ్. కాదనను. కానీ అది నా నిద్ర. నాకిచ్చెయ్."

చిట్టి తలూపింది. టీ తాగి వెళ్ళమంటే తాగింది. వాళ్ళాయన తన మోకాళ్ళ నొప్పుల గురించి చెప్తుంటే విన్నది. ఇంటికొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా కంప్యూటరు తెరిచింది. ఈసారి ఫోటో తెరవలేదు. తెరిస్తే చెయ్యి ఆగిపోతుంది. పేరు చూసి తుడిచేసింది. చెత్తబుట్టలోకెళ్ళి అక్కడ కూడా తుడిచింది. "నిజంగానా అమ్మా?" అంది కూతురు వెనక నుంచి.

"నిజంగానే."

మనసు తేలికపడుతుందనుకుంది. పడలేదు. అంత మంచి ఫోటో పోయిందే అనిపించింది. అలా అనిపించినందుకు సిగ్గేసింది. పెద్దక్క చేతులు అలాగే వాచి ఉన్నాయి, లాండ్రీలో మధ్యాహ్నాలు ఎవరికీ నిద్ర లేదు, తనేమో ఫోటో కోసం ఏడుస్తోంది. మొగుడొచ్చి ఏమైందని అడిగితే, ఏమీ లేదు అని లేచి, చెప్పులు విప్పి, వంటింట్లోకెళ్ళింది.